వంక దాటిన ఊరు

ఆ ఫొటోలో నాకు మొదట కనిపించింది వీధి.

గ్రామ సచివాలయంలో నేను సర్వేయర్ని. మాది ఎమ్మిగనూరు దగ్గరి పల్లె, ఉద్యోగం ఆదోని వైపు ఇంకో పల్లెలో. భూముల రీసర్వే జోరుగా నడుస్తున్న రోజులవి. డ్రోన్ పైనుంచి తీసిన ఫొటోలు మాకు వచ్చేవి. వాటిని కంప్యూటర్లో తెరిచి గట్టు ఎక్కడుందో, బాట ఎక్కడుందో గుర్తు పెట్టుకోవడం, తర్వాత చేలోకి పోయి రైతు ఎదుట సరిచూసుకోవడం నా పని. చూసి చూసి అన్ని చేలూ ఒకటే లాగా అనిపించసాగాయి. ఆ బుధవారం మధ్యాహ్నం మాత్రం ఒక జొన్నచేను మీద నా చెయ్యి ఆగిపోయింది.

చేనంతా పచ్చగా ఉంది. ఆ పచ్చదనంలో పసుపు గీతలున్నాయి. వంకర గీతలు కావు. గళ్లు గళ్లుగా, మూలకు మూల కలిసి, రెండు వరసలుగా సాగి ఉన్నాయి. రెండు వరసల నడుమ వెడల్పాటి దారి, ఆ దారి చివర వంక. నాగలి అలా తిరగదు, ట్రాక్టరూ తిరగదు. బొమ్మను ఇంకా దగ్గరికి లాగాను. ఒక గడికి ఆనుకుని ఇంకో చిన్న గడి, దానికి వాకిలంత ఖాళీ.

ఇళ్లు! నేల కింద గోడలున్న చోట వేరు లోతుకు దిగలేక జొన్న ముందే పండుబారిపోయింది. కింద నిలబడి చూస్తే అది జొన్నచేనే. పైనుంచి చూస్తే ఊరు.

కుర్చీలోంచి లేచి నిలబడ్డాను. ఎవరికైనా చెప్పాలి. గదిలో ఎవరూ లేరు, అందరూ భోజనాలకు పోయారు. కంప్యూటర్ ఆపితే ఊరు ఎక్కడ మాయమవుతుందోనని ఫోన్ తీసి ఆ స్క్రీన్‌నే మూడు ఫొటోలు తీసుకున్నాను. తొందరలో మొదటి రెండూ మసకగా వచ్చాయి.

మరుసటి రోజు ఆదోనికి పోయి పాత రిజిస్టరు తీయించాను. అట్ట ఊడిపోయిన పుస్తకం. ఆ నంబరు ఎదురుగా వెలిసిన సిరాతో 'బేచిరాకు' అని ఒకే ఒక మాట రాసి ఉంది. నేను చదువుకున్న సర్వే పాఠాల్లో ఆ మాట లేదు. రికార్డులు తీసిచ్చే ముసలాయన కళ్లద్దాలు పైకి తోసుకుని చూసి నవ్వాడు.

"చిరాగ్ అంటే దీపం కదమ్మా. బేచిరాగ్ అంటే దీపం లేంది. ఊరు పేరుకుంది గానీ, ఆడ దీపం పెట్టేటోళ్లు లేరని అట్ల రాసినారు."

బస్సులో ఇంటికి వస్తున్నంతసేపూ ఆ మాటే నోట్లో తిప్పుకుంటూ కూర్చున్నాను. నా పక్కన కూర్చున్నామెకు చెప్పబోయి ఆగిపోయాను.

ఇంటికి పోగానే ఏ ఊరి చేనో, ఏ వంక పక్కనో అమ్మకు చెప్పాను. మా అమ్మ పుట్టినప్పటి నుంచీ కూలి పనే. పత్తి ఏరడం, సెనక్కాయ పెరకడం, కలుపు తీయడం. చదువు రాదు. ఇప్పటికీ పదిమంది ఆడవాళ్లను వెంటేసుకుని ఆటోలో ఆలూరు దాకా పత్తికి పోతుంది. ఆ సాయంత్రం రొట్టెలు కొడుతూ, పిండిచేతితో నా ఫోన్ పట్టుకుని, కళ్లకు దూరంగా పెట్టి చూసింది.

"ఇది పాటిచేను కదా," అంది వెంటనే. "వంక పక్కన. నా సిన్నప్పుడు కూలికి పోయి ఈడ మన్ను తవ్వి గంపలతో మోసినాం మే. పాటిమన్ను ఏసిన చేన్లో జొన్న ఎంత పెద్ద కంకి ఏసేదో. కాళ్లకంతా కుండపెంకులు గుచ్చుకుంటాండె."

"ఇది ఊరని తెలుసా నీకు?"

"ఊరున్నిందని అంటాండిరి. యాడ పోయింది, ఎవరున్నిరి అని ఎవరు సూసినారు? మాకు మన్ను కావాల, మోసినాం."

ఊరి మన్ను ఎరువు. ఎన్ని తరాల పొయ్యిబూడిద, పేడ, చెత్త కలిసి మెత్తబడిన మన్నో అది. ఊరిని మా అమ్మ చిన్నప్పుడే గంపలకెత్తి చేలకు చల్లేశారన్నమాట. మిగిలింది ఎంతో చూడాలి. ఆదివారం ప్రార్థన కాగానే పోదామంటే అమ్మ సరేనంది.

ఆదివారం పదకొండు గంటలకు ఆటో మమ్మల్ని రోడ్డు మీద దింపిపోయింది. ఫొటో తీసిన నాటికి, మేము పోయిన నాటికి మధ్య జొన్న కోసేశారు. మోళ్లు మాత్రం మిగిలాయి. చుట్టూ నల్లరేగడి. ఆ చేను మట్టుకు కాస్త ఎత్తుగా, బూడిద రంగులో ఉంది. చేతిలో ఫోన్, ఫోన్‌లో ఫొటో. దాన్ని అటూ ఇటూ తిప్పుకుంటూ నడిచి, "అమ్మా, ఇప్పుడు మనం వీధిలో ఉన్నాం," అని అరిచాను.

అమ్మ ఫోన్ వైపు చూడలేదు. వంగి నేల చూస్తోంది. పత్తి ఏరేటప్పుడు నడిచినట్టే, నడుం వంచి, వరసగా.

"ఇది నీళ్లకుండ," అంటూ ఒక పెంకు చేతిలో పెట్టింది. "పల్చగుంది సూడు. ఇది సంగటి వండిన కుండ. మందం, అడుగంతా మసి." పది అడుగులు వేసి, "ఈడ పొయ్యి," అంది. అక్కడ మన్ను ఇటుకరంగులో గట్టిపడి ఉంది. నేను పక్కనే నిలబడి కూడా చూడలేదు. ఆమె చెప్పగానే చుట్టూ గోడలు లేచినట్టయింది నాకు. పొయ్యి ఇక్కడుంటే వాకిలి అటు. ఫొటోలో వాకిలి నిజంగానే అటుంది. ఇద్దరం పందెం వేసుకున్నట్టు ఒక్కో ఇల్లూ తిరిగాం. నేను ఫోన్ చూసి గోడ చెప్పడం, ఆమె నేల చూసి లోపల ఏముండేదో చెప్పడం.

ఒక ఇంటి మూల రోలు దొరికింది. పక్కకు ఒరిగి సగం పూడిపోయింది. అమ్మ కూలబడి, వెంట తెచ్చుకున్న కొడవలి మొనతో మన్ను తీసింది. రోలుకు రెండు వైపులా గుంతలున్నాయి. దంచి దంచి ఒక వైపు అడుగు తూటుపడే దాకా అరిగిపోతే, తిరగేసి రెండో వైపు గుంత చేయించుకున్నారు.

"ఇంకో రోలు తెచ్చుకునే తాకత్తు లేదు పాపం," అంది అమ్మ. దాని అంచును అరచేత్తో రెండుసార్లు రుద్దింది.

అంతలో గట్టు మీదినుంచి కేక వినిపించింది. చేను రైతు. తలకు తువ్వాలు చుట్టుకుని గబగబా వచ్చాడు. నన్ను గుర్తుపట్టి నెమ్మదించాడు.

"ఏం సర్వేయరమ్మా, ఆదివారం గూడా కొలతలా?"

ఫొటో చూపించాను. చాలాసేపు చూశాడు. ఆయన కూడా ఆశ్చర్యపోయాడు. తర్వాత ముఖం మారింది.

"ఊరు కనపడిందని నా చేను పోతాదా?"

అబద్ధం చెప్పలేకపోయాను. పాత రిజిస్టర్లో ఈ ముక్క ఊరిదనే ఉందని, రైతుది అని లేదని చెప్పాను. కొత్త మ్యాపులో రికార్డు ఉన్నట్టే రాయాల్సి ఉంటుందన్నాను.

"మా నాయన కాలం నుంచి దున్నుకుంటాండాం మేడం. ఇది దిబ్బ. ఎద్దులు ఎక్కలేక సచ్చేవి. బుధవారం జేసీబీ వస్తాంది. చదును చేసి, మన్ను కింద చేనుకు తోలుకుంటాండా. ఇంక నీ ఇష్టం," అని వెళ్లిపోయాడు.

బుధవారం. చేతిలో మూడు రోజులున్నాయి. నేను అక్కడే మోళ్ల మధ్య నిలబడిపోయాను. ఎవరికి ఫోన్ చెయ్యాలి, ఆదివారం ఎవరు ఎత్తుతారు అని ఆలోచిస్తుంటే అమ్మ వంక వైపు చూస్తూ అడిగింది.

"ఊరంటే ఇంతేనా?"

"ఫొటోలో ఇంతే ఉంది మా."

"మరి మన గేరి యాడ?"

నాకు వెంటనే అర్థం కాలేదు. అర్థమయ్యాక సిగ్గేసింది. మేము పుట్టి పెరిగింది గేరిలోనే. ఊరికి దూరంగా, వంక అవతలో రోడ్డు అవతలో, ఊరికి చెప్పులు కుట్టి, కూలి చేసి బతికే వాళ్ల ఇళ్ల గుంపు. మా తాతల కాలంలోనే ఏసు ప్రభువును నమ్ముకున్నా, గేరి గేరిగానే ఉంది. అలాంటి గేరిలో పుట్టిన నేను, నాలుగు రోజులుగా ఆ ఫొటోను గుడ్లప్పగించి చూస్తూ, అందులో మా ఇళ్లు లేవేమని ఒక్కసారి అనుకోలేదు.

"ఊరుంటే గేరి ఉండాల," అంది అమ్మ. "వంక అవతల సూద్దాం పా."

వంకలో నీళ్లు లేవు. దాటాం. అవతలంతా జాలికంప. అందుకే పైనుంచి తీసిన ఫొటోలో ఏమీ తెలియలేదు. అమ్మ కొడవలితో కంప కొడుతూ ముందు నడిచింది, నేను ఆమె చీర కొంగు ముళ్లకు తగలకుండా పట్టుకుని వెనక. ఇక్కడా పెంకులే! అవే మందపాటి పెంకులు, అదే మసి. రాళ్ల గోడలు లేవు, మట్టిగోడలే అయ్యుంటాయి, కరిగిపోయాయి. ఇంకొంచెం ముందుకు పోయాక అమ్మ ఉన్నట్టుండి ఆగి, కొడవలి కింద పడేసింది.

"లంద!" అంది. "మే, లంద సూడే!"

నేల మీద గుండ్రటి అంచు. మోకాటి లోతు గుంత, లోపల తెల్లగా సున్నం పూత. దాని పక్కనే ఇంకొకటి. మూడోది జాలిచెట్టు మొదట్లో సగం విరిగి ఉంది. తోళ్లు నానబెట్టే గుంతలు. అమ్మ చిన్నప్పుడు వాళ్ల తాత ఇంటి వెనక అలాంటివే రెండు ఉండేవట. మా అమ్మ అంతగా నవ్వడం, అంతగా మాట్లాడటం నేనెప్పుడూ చూడలేదు. ఒక గుంతలో సున్నం, ఒక గుంతలో తంగేడు చెక్క, ఎన్ని రోజులకు తిప్పాలి, వాసన ఎంత దూరం కొట్టేది, ఇవన్నీ ఊపిరి తిప్పుకోకుండా చెప్పింది. గుంతలోకి దిగి నిలబడి, "మా జేజినాయన ఇట్ల నిలబడి తొక్కుతాండె," అని తొక్కి చూపించింది. నేను వీడియో తీస్తూ నవ్వుతున్నాను. ఎప్పుడు ఏడుపు మొదలైందో తెలియదు. వీడియోలో నా ముక్కు చీదిన చప్పుడు ఇప్పటికీ వినిపిస్తుంది.

రొట్టెలు తినడానికి నీడ వెతుక్కుని అమ్మ ఒక పలకరాయి మీద కూర్చుంది. రెండు ముద్దలు తిని, తినడం ఆపి, రాయిని వేళ్లతో తడమసాగింది. పెళ్లి కాకముందు రెండేళ్లు కంకర కొట్టే పనికి పోయిన మనిషి.

"ఇది పగిలిన గరుకు కాదు. ఉలి పని," అంది. "లెయ్, లెయ్."

ఇద్దరం మన్ను తుడిచాం, నీళ్ల బాటిలు పోసి కడిగాం. పైన సూర్యుడు, చంద్రుడు చెక్కి ఉన్నారు. కింద ఏదో బొమ్మ. దాని కింద అక్షరాలు! వరసలు వరసలుగా. నేను తెలుగు చదివినదాన్నే, ఒక్క అక్షరం కూడబలుక్కోలేకపోయాను. 'ర' లాంటిది ఒకటి, 'ద' లాంటిది ఒకటి. ఫోన్లో చార్జింగ్ ఎర్రగీతకు వచ్చేదాకా ఫొటోలు తీశాను.

ఆదోనిలో ఒక రిటైరైన మాస్టారు ఉన్నారని, ఎక్కడ రాయి దొరికినా సొంత స్కూటర్ మీద పోయి శాసనాలు చదువుతారని విన్నాను. సోమవారం పొద్దున నంబరు సంపాదించి ఫోన్ చేసి, ఫొటో పంపాను. రెండు నిమిషాల్లో ఆయనే తిరిగి చేశారు. "దాన్ని ఎవరూ కదిలించొద్దమ్మా. రేపు ఏడు గంటలకంతా నేనాడుంటా." అంతే, పెట్టేశారు. నా పేరు కూడా అడగలేదు.

మంగళవారం నేను సెలవు పెట్టాను. అమ్మ పత్తి పని మానుకుంది. నాకు గుర్తున్నంతలో ఒంట్లో బాగున్నా పని మానడం అదే మొదటిసారి. మేము పోయేసరికి మాస్టారు స్కూటర్ గట్టు మీద ఉంది, ఆయన కంపలో ఉన్నారు. డెబ్బై దాటిన మనిషి, చొక్కా భుజం మీద అప్పుడే చిరిగింది.

రాయిని బ్రష్షుతో కడిగి, తడిపిన కాగితం దాని మీద పరిచారు. గట్టి కుచ్చు బ్రష్షుతో కాగితాన్ని దబదబా కొడుతుంటే, కాగితం అక్షరాల గుంతల్లోకి దిగసాగింది. గాలికి అంచు లేస్తుంటే పట్టుకోవడానికి నేను ఒక వైపు, అమ్మ ఒక వైపు. మూడో వైపు ఎవరో చెయ్యి పెట్టారు. చూస్తే చేను రైతు. ఎప్పుడు వచ్చాడో! కాగితం అంచు మీద రెండు అరచేతులూ ఆనించి కూర్చున్నాడు.

కాగితం ఆరుతుండగా మాస్టారు గుడ్డమూటతో సిరా అద్దారు. నల్లటి కాగితం మీద అక్షరాలు తెల్లగా తేలాయి. ముందు సూర్యుడు, తర్వాత చంద్రుడు. మధ్యలోని బొమ్మ దగ్గర ఆయన ఆగారు.

"చేప లాగుంది. శంఖమా? ఇటువంటిది నేను యాడా చూళ్లేదు."

అమ్మ మెడ చాచి చూసింది. "చేప కాదు సార్. అది కపిల బొక్కెన."

"ఏందక్కా?"

"బాయిలోంచి ఎద్దులతో నీళ్లు తోడే తోలుబొక్కెన సార్. పైన నోరు, కింద తొండం సూడండి. తొండంలోంచే నీళ్లు కాలవలోకి పడేది. మా జేజినాయన కుడ్తాండె."

మాస్టారు కాగితం వంక చూసి, అమ్మ వంక చూసి, మళ్లీ కాగితం మీదికి వంగారు. వేలు పెట్టి ఒక్కో అక్షరం చదువుతున్నారు. సగం తెలుగు, సగం కన్నడం. మొదట గొణుగుతూ, తర్వాత గొంతు పెంచి. నాలుగో వరస దగ్గర ఒక్కసారిగా తొడ చరుచుకున్నారు.

"అక్కా, నువ్వు చెప్పింది నిజం! బొక్కెన మాటే ఉందీడ! ఊరి బావికి బొక్కెనలు కుట్టి ఇస్తున్నందుకు ఊరోళ్లంతా కలిసి ఒకాయనకు వంక ఈ పక్క మాన్యం ఇచ్చినారు. సూర్యచంద్రులు ఉన్నన్నాళ్లు ఆయన పిల్లలు అనుభవించొచ్చునంట. ఆయన పేరు కూడా ఉంది."

"పేరుందా?" అంది అమ్మ.

మాస్టారు పేరు చదివారు. అమ్మ ఇంకోసారి చదవమంది. చదివారు. మూడోసారి ఆయనతో పాటు తనూ పలికింది. రాళ్ల మీద రాజుల పేర్లు, దేవుళ్ల పేర్లు ఉంటాయని నాకు తెలుసు. బొక్కెన కుట్టినవాడి పేరు ఉంటుందని ఊహించలేదు. రైతు తలకున్న తువ్వాలు తీసి మొహం తుడుచుకున్నాడు.

"ఎన్నేండ్లయింటాది సార్?"

"లిపిని బట్టి చూస్తే విజయనగరం రాజుల కాలం అనుకుంటాన్నా. ఆదోని కోట వాళ్ల చేతిలో ఉన్నప్పటి మాట. ఖాయంగా చెప్పల్లంటే ఇంకా చూడాల."

"మరి ఊరెందుకు పాడుబడె?"

"రాయి మీద అది రాయరు కదప్పా," అన్నారు మాస్టారు. యుద్ధమో, కరువో, రోగమో తనకు తెలియదని ఒప్పుకున్నారు. ఆ మాట నాకు నచ్చింది.

బుధవారం పొద్దున్నే మేము మళ్లీ పోయేసరికి జేసీబీ వచ్చి ఉంది. గట్టు దాటి పరుగెత్తాను. అయితే అది దిబ్బ మీద లేదు. కింది చేను గట్టు సరిచేస్తోంది. రైతు దగ్గరికి వచ్చి, నా వైపు కాకుండా అమ్మ వైపు చూస్తూ అన్నాడు.

"పైన ముట్టుకోవొద్దని చెప్పినాను. ఈ ఏడాదికి అట్లే ఉండనీ. ముందు ముందు నా సంగతేందో సర్కారోళ్లు తేలుస్తారు కదా."

ఆయన కోపం పూర్తిగా పోలేదు. పోవాలని అడగడం న్యాయం కూడా కాదు. రిజిస్టర్లో ఉన్నది ఉన్నట్టు రాశాను, ఆయన ఇన్నాళ్లుగా సాగు చేస్తున్న సంగతీ రాశాను, రెండూ పై అధికారులకు పంపాను. కర్నూలు నుంచి పురావస్తు శాఖ జీపు ఒకటి వచ్చింది. ఇద్దరు మనుషులు రోజంతా ఉండి కొలిచి, రాసుకుని పోయారు. మళ్లీ వస్తామన్నారు. ఇంకా రాలేదు.

కొత్త మ్యాపు గీసేటప్పుడు మాత్రం నేను పట్టు పట్టాను. వంక అవతలిది వేరే నంబరు, వేరే రకం భూమి, దాన్ని ఊరితో కలపడం కుదరదన్నారు. నంబర్లు కలపకపోయినా, పాడుబడిన ఊరి ఆనవాళ్లు ఎంతవరకు ఉన్నాయో చుక్కల గీతతో చూపించవచ్చని నియమం వెతికి పట్టుకుపోయి చూపించాను. శాసనం ఫొటో, లందల కొలతలు జత చేశాను. మూడుసార్లు వెనక్కి వచ్చింది. నాలుగోసారి సంతకం పడింది. చుక్కల గీత దిబ్బను చుట్టి, వంకను దాటి, జాలికంపలో గేరినంతా కలుపుకుని వచ్చింది. ఆ కాగితం చేతికి వచ్చిన రోజు ఆఫీసు మెట్లు రెండేసి దిగాను.

ఈ ఏడు పత్తికాలంలో అమ్మ గుంపుకు ఆ పక్క చేలోనే పని దొరికింది. మధ్యాహ్నం నేను కొలతలు తీసే రోవర్ పరికరం భుజాన వేసుకుని అటే పోతుంటే వంక అవతలినుంచి నవ్వులు వినిపించాయి. దగ్గరికి పోయి చూస్తే పదిమంది ఆడవాళ్లు, సద్దిగిన్నెలు పక్కన పెట్టి, లందల చుట్టూ నిలబడి ఉన్నారు. మధ్యలో అమ్మ, మోకాళ్ల దాకా చీర ఎగగట్టి, గుంతలో దిగి ఉంది.

"ఇది సున్నం లంద. ఇది తంగేడు సెక్కది," అని చెప్తోంది. "ఆ రాయి మీద బొక్కెనలు కుట్టినాయన పేరు రాసినారు. సెప్తా, అందరూ అనండి."

పదిమందీ ఒక్క గొంతుతో ఆ పేరు అన్నారు.